నాన్నని ఆస్ట్రేలియా జూకి తీసుకెళ్తే ఏనుగు పేడ దగ్గర ఆగిపోయారు

పొన్నూరు_పిలగాడు (బ్రిస్బేన్)

అందరికీ నమస్కారం. పోయిన నెల అమ్మానాన్న వచ్చారు. బీచ్‌లు, గుళ్లు, కాస్ట్‌కో అన్నీ అయిపోయాక ఇంకేం చూపించాలో తోచక ఆస్ట్రేలియా జూకి తీసుకెళ్లాను. ‘పెద్దవాళ్లతో వెళ్లొచ్చా, ఒక్క రోజు సరిపోతుందా’ అని ఇక్కడ చాలామంది అడుగుతుంటారు కదా, అందుకని రాస్తున్నా. కాస్త పొడుగు పోస్టు. టీ పెట్టుకుని కూర్చోండి.

తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. బ్రిస్బేన్‌కి ఉత్తరాన సుమారు 80 కిలోమీటర్ల దూరంలో బీర్వా అనే ఊరుంది. 1970లో బాబ్, లిన్ ఇర్విన్ దంపతులు మెల్‌బోర్న్ వైపు నుంచి వచ్చి అక్కడ చిన్న పాముల పార్కు పెట్టుకున్నారు. ఆయన ప్లంబరు, ఆవిడ నర్సు. వాళ్లబ్బాయే స్టీవ్ ఇర్విన్. ఖాకీ నిక్కరేసుకుని మొసలి మీదకి దూకుతుంటే మనమంతా టీవీలో నోరు తెరుచుకుని చూశామే, ఆయనే. ఆయన 1998లో పార్కు పేరు ఆస్ట్రేలియా జూ అని మార్చాడు. 2006లో సముద్రంలో షూటింగ్ చేస్తుండగా స్టింగ్‌రే అనే చేప తోక ముల్లు గుండెలో దిగి చనిపోయాడు. ఇప్పుడు ఆయన భార్య టెర్రీ, పిల్లలు బిండీ, రాబర్ట్ నడుపుతున్నారు. ఈ రోజుకీ అది ఇంటి వ్యాపారమే.

ఇక మా నాన్న. 31 ఏళ్లు పశువుల డాక్టరుగా చేసి రిటైరయ్యారు. రేపల్లె, బాపట్ల, చీరాల చుట్టుపక్కల ఆయన చెయ్యి పెట్టని గేదె లేదు. కొవాలా దగ్గరికి తీసుకెళ్లి, “నాన్నా, చూడండి ఎంత ముద్దుగా ఉందో” అన్నాను. రెండు నిమిషాలు చూసి, “నిద్రపోతోందిరా, పద” అన్నారు. అమ్మ మాత్రం అరగంట కదల్లేదు. అది రోజుకి 18, 20 గంటలు నిద్రపోతుందంటే, “మీ నాన్న రిటైరయ్యాక ఇంతే” అంది.

ఏనుగుల దగ్గర మాత్రం నాన్న ఆగిపోయారు. ఇక్కడున్నవి సుమత్రా ఏనుగులు, 2019లో ఇండోనేషియా నుంచి వచ్చాయట. నేను ఫోటోలు తీసుకుంటుంటే ఆయన ఏనుగుని చూడటం లేదు, దూరంగా పడి ఉన్న పేడ వంక చూస్తున్నారు. తర్వాత గోళ్లు చూశారు. తర్వాత మెడ బయటికి చాచి నీళ్ల తొట్టి అడుగున పాచి పట్టిందా అని చూశారు. పది నిమిషాలయ్యాక, “బాగా చూసుకుంటున్నారు” అన్నారు. ఎలా తెలిసిందని అడిగాను. “పశువు సంగతి పేడ చెబుతుంది, మనిషి సంగతి తొట్టి చెబుతుంది” అన్నారు. ఆ తర్వాత ప్రతి జంతువు దగ్గరా ఇదే తంతు. మేం ముఖం చూస్తుంటే ఆయన వెనక్కి వెళ్లి చూసేవారు.

అక్కడి వన్యప్రాణుల ఆసుపత్రి గురించి విడిగా రాస్తాను. ఇప్పుడు ఆఫీసు కాల్ ఉంది.

సిడ్నీ_శైలజ

పేడ డాక్టరు గారికి నా నమస్కారాలు 😀

తమ్ముడూ, మా పిల్లలకి ఆరు, మూడేళ్లు. జూలై సెలవుల్లో వద్దామనుకుంటున్నాం. కొవాలాని ఎత్తుకుని ఫోటో తీసుకోవచ్చా? ఇక్కడ మా రాష్ట్రంలో చేతికివ్వరు, పక్కన నిలబడి దిగాల్సిందే.

పొన్నూరు_పిలగాడు

అక్కా, మా క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో ఎత్తుకోవచ్చు, కానీ లెక్కుంది. ఒక కొవాలాని రోజుకి అరగంటకి మించి జనం చేతికివ్వకూడదు. వరసగా మూడు రోజులు పనిచేస్తే నాలుగో రోజు దానికి సెలవు. (నాకు లేదు ఆ సౌకర్యం.) టికెట్‌తో పాటు రాదు, విడిగా డబ్బు కట్టి ముందే బుక్ చేసుకోవాలి. బ్రిస్బేన్‌లోని లోన్ పైన్ కొవాలా పార్కులో ఏళ్ల తరబడి ఇచ్చేవారు, 2024లో ఎత్తుకోవడం ఆపేశారు. ఎత్తుకోకపోయినా పిల్లలకి లోటేం ఉండదు. కంగారూలు ఆరుబయట పడుకుని ఉంటాయి, పక్కన కూర్చుని నిమరొచ్చు. అక్కడే మేత అమ్ముతారు. మా చిన్నది ఆ మేత సగం తనే నోట్లో వేసుకుంది. ఏం కాలేదు.

కాకరకాయ

చేదుగా ఉన్నా చెప్పాలి. కుటుంబం నడిపితే ఏంటి, సర్కారు నడిపితే ఏంటి, బోను బోనే. పైగా ఐదు వేలమంది పట్టే స్టేడియం కట్టి మొసలితో షో. దాన్ని సంరక్షణ అంటారా, సర్కస్ అంటారా? ఆ స్టీవే 2004లో నెల పసిబిడ్డని చంకలో పెట్టుకుని మొసలికి మాంసం అందించాడు. అప్పుడు ప్రపంచమంతా తిట్టింది, మర్చిపోయారా?

సత్తెనపల్లి_సత్యం

వచ్చాడండీ మన కాకరకాయ. పది రోజులుగా కనబడకపోతే టెన్షన్ పడ్డాం.

పొన్నూరు_పిలగాడు

కాకరకాయ గారూ, పసిబిడ్డ సంగతి నిజమే. ఆ బిడ్డే ఈ రాబర్ట్. దాన్ని నేనూ సమర్థించను.

షో గురించి మాత్రం నేను చూసింది చెబుతాను. మొసలిని కొట్టడం, రింగులోంచి దూకించడం లాంటివి ఏమీ లేవు. అది నీళ్లలోకి వచ్చింది. ముందు ఎక్కడుందో ఎవరికీ కనబడలేదు, నీళ్లు గాజుపలకలా ఉన్నాయి. ఒకతను ఒడ్డున వంగి నీళ్లు తాకినట్టు చేశాడు. మళ్లీ అదే చోట అలాగే చేశాడు. మూడోసారి వంగకముందే నాలుగు మీటర్ల శాల్తీ నిలువునా పైకి లేచింది. మా అమ్మ నా మోచెయ్యి పట్టుకుని గిచ్చింది, ఆ గుర్తు రెండు రోజులుంది. వాళ్లు చెప్పేది ఒకటే. మొసలి మీ అలవాటు కనిపెడుతుంది. రోజూ ఒకే చోట బిందె ముంచకండి, చేపలు అక్కడే కడగకండి. నాన్న, “కృష్ణ ఒడ్డున గేదెల్ని తోలుకొచ్చేవాళ్లకి ఇలా చెప్పేవాడుంటే బాగుండు” అన్నారు.

మంజీరా

అన్నా, మాది సంగారెడ్డి. మంజీరా నదిలో మా చిన్నప్పటి సంది మొసళ్లున్నయి. 1978లనే దాన్ని అభయారణ్యం చేసిండ్రు. మనయి మగ్గర్ మొసళ్లు, ఆస్ట్రేలియా ఉప్పునీటి మొసలంత పెద్దగుండవు గానీ ఒడ్డుకి పోయినోన్ని లాగుతయి. మా ఊర్లె ఒక పెద్దాయన రోజూ అదే రాయి మీద కూసొని కాళ్లు కడుగుతుండె. ఒకరోజు చెప్పు ఒక్కటే దొరికింది. ఆయన బతికిండు, కాలు పిక్క పోయింది. మీ నాన్న చెప్పింది వంద శాతం కరెక్ట్.

ఒక డౌటు. ఆ జూల మొసళ్లని ఏడికెల్లి తెచ్చిండ్రు? పట్టుకొచ్చి బోనుల ఏస్తే మరి కాకరకాయ అన్నదే నిజం గదా?

లక్ష్మీ_టీచర్ (టౌన్స్‌విల్)

మంజీరా గారూ, నేను ఉండేది మొసళ్లు తిరిగే జిల్లాలోనే, కాబట్టి కొంచెం చెప్పగలను. 1980ల్లో ఇక్కడ ఊళ్ల దగ్గరికొచ్చే మొసళ్లని కాల్చేయకుండా పట్టించడానికి రాష్ట్ర ప్రభుత్వం ఒక కార్యక్రమం పెట్టింది. బాబ్, స్టీవ్ అందులో స్వచ్ఛందంగా పనిచేశారు. స్టీవ్ నెలల తరబడి ఒక్కడే కుక్కని తోడు పెట్టుకుని మడ అడవుల్లో మకాం వేసేవాడు. పట్టిన వాటిలో కొన్ని బీర్వాకి చేరాయి. చావు తప్పి బోనులోకి వచ్చినవన్నమాట. అది మంచా చెడా అంటే నా దగ్గర ఒక్క మాటలో జవాబు లేదు.

మా తొమ్మిదో తరగతి పిల్లలకి నేను చెప్పే కథ ఇంకోటుంది. పట్టుకున్న మొసలిని దూరంగా వదిలేస్తే సరిపోతుంది కదా అని అందరూ అనుకునేవారు. యూనివర్సిటీ ఆఫ్ క్వీన్స్‌లాండ్ వాళ్లూ స్టీవూ కలిసి మూడు మొసళ్లకి శాటిలైట్ ట్యాగులు కట్టి హెలికాప్టర్‌లో తీసుకెళ్లి వదిలారు. ఒకదాన్నయితే ఉత్తర కొసన ఉన్న కేప్‌యార్క్ ద్వీపకల్పానికి అటు ఒడ్డు నుంచి ఇటు ఒడ్డుకి దాటించారు. అది కొన్నాళ్లు అక్కడక్కడే తిరిగి, ఆ తర్వాత బయల్దేరి, ద్వీపకల్పం కొస చుట్టూ తిరిగి 400 కిలోమీటర్లకి పైగా ఈదుకుంటూ 20 రోజుల్లో తన ఏటికి తను వచ్చేసింది. ఆ పరిశోధన 2007లో అచ్చయింది, రచయితల్లో స్టీవ్ పేరు కూడా ఉంది. అప్పటికి ఆయన లేడు. పిల్లిని గోనెసంచిలో కట్టి పక్క ఊళ్లో వదిలినా తిరిగొస్తుందని మా అమ్మమ్మ చెప్పేది, మొసలీ అంతే.

ఇప్పటికీ ఏటా ఆగస్టులో ఆ కుటుంబమూ యూనివర్సిటీ వాళ్లూ ఉత్తరాన వెన్‌లాక్ నది మీద మొసళ్లని పట్టి, ట్యాగు పెట్టి వదులుతారు.

కాకరకాయ

టీచర్ గారు రాసింది బాగుంది. ఒప్పుకుంటాను. కానీ ఆ వెన్‌లాక్ దగ్గర వాళ్లు చూసుకునే వన్యప్రాణుల రిజర్వు భూమి ఆ కుటుంబం జేబులోంచి కొన్నది కాదు, ఫెడరల్ ప్రభుత్వ డబ్బుతో 2007లో కొన్నది. ఆ మాట కూడా చెప్పాలి.

లక్ష్మీ_టీచర్ (టౌన్స్‌విల్)

చెప్పాలి, నిజమే. స్టీవ్ పేరు మీద ఇచ్చారు, నిర్వహణ వీళ్లది. 1,35,000 హెక్టార్లు. కానీ ఆ తర్వాత అక్కడ బాక్సైట్ తవ్వుతామని ఒక కంపెనీ వస్తే టెర్రీ ఏళ్ల తరబడి పోరాడింది. 2013లో రాష్ట్ర ప్రభుత్వం రక్షణ ప్రకటించింది. మా అత్తవారిది పాడేరు. విశాఖ మన్యంలో బాక్సైట్ గొడవ ఎన్నేళ్లు నడిచిందో తెలుసు కాబట్టి ఈ వార్త చదివినప్పుడు నాకు గట్టిగా తగిలింది. వాళ్ల వెనక టీవీ కెమెరాలున్నాయి. మన గిరిజనుల వెనక ఎవరున్నారు?

సత్తెనపల్లి_సత్యం

టాపిక్ మారుతోంది మేడమ్, దానికి వేరే థ్రెడ్ తెరవండి, నేనూ వస్తా. పిలగాడు ఆసుపత్రి గురించి రాస్తానన్నాడు. ఆఫీసు కాల్ ఇంకా అవలేదా?

పొన్నూరు_పిలగాడు

వచ్చా వచ్చా.

జూ ఆనుకుని వన్యప్రాణుల ఆసుపత్రి ఉంది. స్టీవ్, టెర్రీ 2004లో ఒక పాత అవకాడో ప్యాకింగ్ షెడ్డులో మొదలుపెట్టారు. రోడ్డు ప్రమాదంలో పోయిన స్టీవ్ వాళ్లమ్మ లిన్ జ్ఞాపకంగా పెట్టారు. ఇప్పుడున్న పెద్ద భవనం 2008లో వచ్చింది. జూ జంతువుల కోసం కాదు, బయట దెబ్బతిన్న వాటి కోసం. కారు గుద్దినవి, కుక్క కరిచినవి, చెట్టు కొట్టేస్తే పడినవి, ఎవరు పట్టుకొచ్చినా చేర్చుకుంటారు. 2020 జనవరిలో, కార్చిచ్చుల కాలంలో, 90 వేలవ పేషెంటు వచ్చిందని బిండీ రాసింది. అదొక ప్లాటిపస్, బాతు మూతి ఉండే జంతువు.

మేం వెళ్లినప్పుడు అద్దం అవతల బల్ల మీద కొవాలా. మూతికి చిన్న మాస్కు పెట్టి మత్తు ఇస్తున్నారు. ఒకామె కళ్లు చూస్తోంది, ఒకతను పొట్ట దగ్గర బొచ్చు గొరుగుతున్నాడు, ఇంకో అమ్మాయి దాని చెయ్యి పట్టుకుని ఉంది, ఇంకొకరు రాసుకుంటున్నారు. నాన్న ముక్కు అద్దానికి ఆనించేశారు. “గేదెని పడగొట్టాలంటే మాకు తాడూ నలుగురు మనుషులూ కావాలి. ఇక్కడ ఈ బొమ్మంత దానికి నలుగురు డాక్టర్లు” అన్నారు. వెటకారం అనుకున్నా. తల తిప్పి చూస్తే కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు.

అక్కడొక వాలంటీరమ్మ ఉంది, డెబ్బై ఏళ్లుంటాయి. నాన్న నాతో అనువాదం చేయించుకుంటూ ఆవిడతో మాట్లాడారు. కొవాలాలకి వచ్చే క్లమీడియా జబ్బు గురించి ఆవిడ చెప్పింది. దానితో కళ్లు ఎర్రబడి చూపు పోతుంది, ఆడవాటికి పిల్లలు పుట్టవు. “ఏ మందు వాడతారు?” అని అడగమన్నారు. ఆవిడ చెప్పిన జవాబు నాకు అర్థం కాలేదు, ఆయనకి అర్థమైంది. మామూలు యాంటీబయాటిక్ ఇష్టం వచ్చినట్టు ఇస్తే కొవాలా పొట్టలో యూకలిప్టస్ ఆకుని అరిగించే సూక్ష్మజీవులు చచ్చి అది తిండి మానేస్తుందట. “మన గేదె కడుపు కూడా అంతే కదరా, నెమరు ఆగితే పని అయిపోయినట్టే” అని నాకు క్లాసు పీకారు. పొన్నూరు పశువైద్యశాల, బీర్వా ఆసుపత్రి ఒకే బెంచీ మీద కూర్చున్నట్టు అనిపించింది.

ఇంకో సంగతి. మత్తు దిగాక దాన్ని బుట్టలో పెట్టి పైన తువ్వాలు కప్పేశారు. జనానికి చూపించడానికి కాదు, దానికి జనం కనబడకుండా. నాన్నకి అన్నిటికన్నా నచ్చింది అదే. “మనం రోగమొచ్చిన దూడని నడి వాకిట్లో కట్టేస్తాం, దారినపోయే ప్రతివాడూ వచ్చి కళ్లు విప్పి చూసేవాడే” అన్నారు.

డా_నాగవల్లి

నేను హైదరాబాద్‌లో పెంపుడు జంతువుల డాక్టరుని. మీ నాన్నగారు చూసినవే మేమూ చూస్తాం. పేడ, తొట్టి, గోళ్లు, వాటికి తోడు ఇంకొకటి: దాక్కునే చోటు. జంతువు మీకు కనబడలేదంటే ‘డబ్బులు దండగ’ అనుకోకండి, దానికి మీ నుంచి తప్పించుకునే వీలు ఇచ్చారని అర్థం. ఒకే చోట ఎనిమిది అంకెలా గుండ్రంగా తిరుగుతుంటే, తల అటూ ఇటూ ఊపుతుంటే, అది డాన్సు కాదు, జబ్బు.

ఇండియాలో ఇలా ఒక కుటుంబం సొంతంగా జూ పెట్టాలంటే అంత తేలిక కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, పైన సెంట్రల్ జూ అథారిటీ గుర్తింపు కావాలి. అది 1992 నుంచి ఉంది. గుర్తింపు లేకుండా జూ నడపకూడదు. నన్నడిగితే ఆ కట్టడి మంచిదే. ప్రతి ఫామ్‌హౌస్ వాడూ జింకని కట్టేసుకుంటే చూడటం మా వల్ల కాదు.

సూళ్లూరుపేట_సుబ్బు

ఆస్ట్రేలియా దాకా వెళ్లలేని నాలాంటివాళ్లకి మహాబలిపురం దారిలో మద్రాస్ క్రొకడైల్ బ్యాంక్ ఉందండీ. రోములస్ విటేకర్, జై విటేకర్ వాళ్లు 1976లో పెట్టారు. ఇప్పుడు ట్రస్టు. అప్పట్లో మన నదుల్లో మొసళ్లు అంతరించిపోతున్నాయని పిల్లల్ని పుట్టించడానికి మొదలుపెట్టారు. అది ఎంత బాగా పనిచేసిందంటే, మగ్గర్లు లెక్కకి మించిపోయాయి. వదలడానికి నదులు లేవు, ఈ మధ్య చాలావాటిని గుజరాత్ పంపారు. సంరక్షణలో ఇదొక తలనొప్పి, ఎవరూ చెప్పరు. నా పిల్లలకి మాత్రం మొసళ్లకన్నా పాములు పట్టే ఇరుల గిరిజనుల సంఘం వాళ్లు కుండలోంచి నాగుపాముని తీసి విషం పిండటం నచ్చింది. ఆ రాత్రి ఇంట్లో ప్రతి కుండ మూతా తీసి చూశారు.

సిడ్నీ_శైలజ

సుబ్బు గారూ 😂 మా ఆరేళ్లవాడికి ఇది చదివి వినిపించను.

తమ్ముడూ, కారు లేకుండా వెళ్లొచ్చా? టికెట్లు ఎక్కడ కొనాలి?

పొన్నూరు_పిలగాడు

కారు లేకపోతేనే చవక అక్కా. 2024 ఆగస్టు నుంచి ఇక్కడ రైలు, బస్సు ఎక్కడికెళ్లినా 50 సెంట్లే. రోమా స్ట్రీట్‌లో నంబూర్ వైపు రైలెక్కి బీర్వాలో దిగాలి. ఎడమవైపు కూర్చోండి, గ్లాస్‌హౌస్ కొండలు కనబడతాయి. అమ్మకి అవి మన కొండవీడు వైపు కొండల్లా అనిపించాయట. (నాకు అనిపించలేదు.) స్టేషన్ నుంచి జూ వాళ్ల ఉచిత బస్సుంది, ముందు రోజే ఫోన్ చేసి చెప్పుకోవాలి. క్రిస్మస్ రోజు తప్ప రోజూ తెరుస్తారు.

టికెట్ పెద్దవాళ్లకి 60 డాలర్లు దాటుతుంది. జూ సొంత సైట్‌లోనే కొనండి. నేను ఐదు డాలర్లు తగ్గుతుందని వేరే సైట్‌లో కొన్నాను. తేదీ తప్పు పడింది, మార్చమంటే రోబో జవాబులు, చివరికి గేటు దగ్గర మళ్లీ కొన్నాను. ఆ సైట్ పేరు రాయను, మీ ఆవిడ మాట వినకపోతే ఏ సైట్ అయినా అంతే.

మధ్యాహ్నం భోజనానికి పులిహోర, పెరుగన్నం తీసుకెళ్లాం. చెట్టు కింద కూర్చుని తిన్నాం, ఎవరూ ఏమీ అనలేదు. కానీ పక్కన నీటి డ్రాగన్ బల్లులు తిరుగుతుంటాయి, మూత తెరిచి పెట్టకండి. అమ్మ అప్పడం ఒకటి ఎగిరిపోయింది.

లక్ష్మీ_టీచర్ (టౌన్స్‌విల్)

హారియట్ గురించి ఎవరూ రాయలేదే! ఈ జూలోనే ఉండేది, గలాపగోస్ తాబేలు, దాదాపు 175 ఏళ్లు బతికింది, 2006 జూన్‌లో పోయింది. స్టీవ్ కూడా అదే ఏడాది. వందేళ్లు దాన్ని మగదనుకుని హ్యారీ అని పిలిచారు. మందార పువ్వులంటే ప్రాణం దానికి. డార్విన్ తెచ్చిన తాబేలు అని చెప్పుకునేవారు కానీ, దాని జాతి ఉండే ద్వీపానికి డార్విన్ అసలు వెళ్లనే లేదు. పిల్లలకి ఈ రెండూ చెబుతాను: కథ ఎంత బాగుందో, ఎందుకు నమ్మకూడదో.

కాకరకాయ

ఎవరూ అడగలేదు గానీ చెబుతున్నా. నిన్న మా అమ్మాయిని ఇక్కడి జూకి తీసుకెళ్లాను. నీళ్ల తొట్లు చూసుకుంటూ తిరిగాం. రెండు శుభ్రంగా ఉన్నాయి, ఒకదానిలో చిప్స్ ప్యాకెట్ తేలుతోంది. గేటు దగ్గర రిజిస్టర్ అడిగి ఫిర్యాదు రాసొచ్చాను. వాచ్‌మన్, “ఇంతవరకు ఎవరూ రాయలేదు సార్, పెన్ను ఉందో లేదో చూడాలి” అన్నాడు.

మంజీరా

కాకరకాయ అన్నా, గా జూకి ఎందుకు పోయినవ్? బోను బోనే అన్నవ్ గదా 😀

కాకరకాయ

పిల్ల అడిగింది.

పొన్నూరు_పిలగాడు

నాన్న నిన్న పొన్నూరు నుంచి ఫోన్ చేసి ఈ థ్రెడ్ మొత్తం చదివించుకున్నారు. కాకరకాయ గారికి ఒక మాట చెప్పమన్నారు: తొట్టిలో ప్యాకెట్ కాదట, తొట్టి అంచు కింద చెయ్యి పెట్టి చూడమన్నారు, జిగురుగా ఉంటే వారం నుంచి కడగలేదని అర్థమట. శైలజ అక్కా, మీరు వచ్చే తేదీ చెప్పండి, బస్సుకి నేను ఫోన్ చేసి పెడతాను.